ప్రాణహిత అవతలి పాఠం మనకెప్పుడు వంటబట్టాలె?

వానాకాలం వచ్చిందంటే ఆసిఫాబాద్, ఉట్నూరు, ఏటూరునాగారం ఏజెన్సీల నుంచి ఏటా ఒకే తీరు వార్తలొస్తయి. జరాలతో మంచం పట్టిన గూడెం. వాగు పొంగితే దవాఖానకు పోలేక డోలీల మోసుకొచ్చిన గర్భిణి. రెండు రోజులు సార్లు వస్తరు, మెడికల్ క్యాంపు పెడ్తరు, గోలీలు పంచుతరు, ఫొటోలు దిగుతరు. వానలు ఆగంగనే అందరూ మర్చిపోతరు. ఏడాది తిరిగితే మళ్లా అదే కథ.

మనం ఈ కథ చదువుతుంటే, ప్రాణహిత దాటితే వచ్చే మహారాష్ట్రల గడ్చిరోలి జిల్లాల ఇంకో కథ నడిచింది. అదే అడవి, అవే వాగులు, అదే గోండు జనం. సిరొంచ దిక్కు పోతే తెలుగు మాట్లాడేటోళ్లు కూడా మస్తుమంది. అక్కడ ఇద్దరు డాక్టర్లు 40 ఏండ్ల కింద ఒక సంస్థ పెట్టి, రోగం వచ్చినంక చూసుడు కాదు, రాకముందే ఆపుడెట్ల, దవాఖాన లేనిచోట పాణం నిలుపుడెట్ల అనేది చేసి చూపించిన్రు. ఆ సంస్థ పేరు సెర్చ్. ఇయ్యాల మన ఊర్ల తిరిగే ఆశా వర్కర్ బాలింత ఇంటికొచ్చి పసిబిడ్డను తూకమేస్తున్నదంటే, ఆ పనికి మూలం గడ్చిరోలిలనే ఉన్నది. కానీ ఆ పద్ధతిల సగమే మనదాకా వచ్చింది. రాని సగం ఏందో తెలుసుకుంటేనే మన ఏజెన్సీల బాధ ఎందుకు తీరుతలేదో అర్థమైతది.

జనాన్ని అడగాలె, తర్వాతే మందు

డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణి బంగ్ భార్యాభర్తలు. ఇద్దరూ ఎండీలు చేసిన్రు. అమెరికా పోయి జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీల పబ్లిక్ హెల్త్ చదివిన్రు. అక్కడనే ఉండిపోతే డాలర్లకు కొదువ లేకుండె. తిరిగొచ్చి 1985ల సెర్చ్ పెట్టిన్రు, మరుసటేడు గడ్చిరోలికి మకాం మార్చిన్రు. అప్పటికి ఆ జిల్లా చంద్రపూర్ నుంచి విడిపోయి నాలుగేండ్లే.

వాళ్లు మొదట సికిల్ సెల్ రోగం మీద పరిశోధన చేసిన్రు. నెత్తురుకు సంబంధించిన ఈ రోగం ఆదివాసీలల్ల ఎక్కువ. లెక్కలు తీసిన్రు, రోగం ఉన్నదని తేల్చిన్రు. కానీ జనం మాత్రం మా అసలు బాధ ఇది కాదన్నరు. డాక్టర్ పుస్తకంల పెద్ద రోగం వేరు, గూడెంల పెద్ద రోగం వేరు అని అప్పుడే తెలిసొచ్చిందని అభయ్ బంగ్ తర్వాత చెప్పుకున్నరు. అప్పటి నుంచి పద్ధతి మార్చిన్రు. జనం ఏది బాధ అంటే దాని మీదనే పని. ఆదివాసీ ఊర్ల ప్రతినిధులను పిలిచి సభ పెట్టి, ఈసారి ఏ రోగం మీద పడాలె అని వాళ్లనే అడుగుడు మొదలుపెట్టిన్రు.

దవాఖాన కట్టేటప్పుడు కూడా అంతే. మీకెట్లాంటి దవాఖాన కావాలె అని అడిగితే ఆదివాసీలు తమ భయాలన్నీ చెప్పిన్రు. పెద్ద బిల్డింగుల దారి దొరకదు. పేషెంటును లోపలేసి ఇంటోళ్లను బయటికి పంపుతరు. తెల్ల బట్ట చూస్తే శవం మీద కప్పేది యాదికొస్తది. అందుకే 1993ల కట్టిన దవాఖాన గూడెం తీరుగ, గుడిసెల తీరుగ ఉంటది. పేషెంటుతోని ఇంటోళ్లు కూడా ఉండొచ్చు. పేరు కూడా వాళ్లు చెప్పిందే, వాళ్ల దేవత దంతేశ్వరి పేరు. దీన్ని సోకు అనుకోవద్దు. గడప తొక్కడానికే జనం భయపడితే లోపల ఎంత మంచి డాక్టర్ ఉన్నా లాభం లేదు.

ఆడోళ్ల బాధ ఎవరూ అడగలే

రాణి బంగ్ ఆడోళ్ల డాక్టర్. అప్పట్ల సర్కారు లెక్కల ఆడోళ్ల ఆరోగ్యమంటే రెండే: కాన్పు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్. మరి కడుపుతో లేని ఆడమనిషికి రోగాలుండవా? తెల్లబట్ట, పొత్తికడుపు నొప్పి, నెలసరి తిప్పలు ఎవరికి చెప్పుకోవాలె? రెండు ఊర్ల 650 మంది ఆడోళ్లను ఆమె టీమ్ పరీక్ష చేసింది. నూటికి 92 మందికి ఏదో ఒక స్త్రీ సంబంధ రోగమో, లైంగిక రోగమో ఉన్నట్టు తేలింది. అంతకుముందు ఎన్నడన్న ఇట్లాంటి పరీక్ష చేయించుకున్నోళ్లు నూటికి 8 మందే. ఈ లెక్కలు 1989ల లాన్సెట్ పత్రికల వచ్చినంక ప్రపంచమంతా ఉలిక్కిపడ్డది. బాధ కొత్తగా పుట్టింది కాదు. అడిగినోళ్లు లేక లోపలనే ఉండిపోయింది.

ఆరోగ్యంల న్యాయం అంటే ఏందో ఇక్కడ అర్థమైతది. అందరికీ ఒకే గోలీ పంచుడు సమానత్వం కావొచ్చు, న్యాయం మాత్రం కాదు. ఎవరి గొంతు బయటికి రాదో వాళ్ల దగ్గరికి ముందు పోవుడు, ఎవరికి దవాఖాన దూరమో వాళ్లకు ఎక్కువ అందించుడు న్యాయం.

పూసలు జరిపి నిమ్మును పట్టిన్రు

గడ్చిరోలిల సెర్చ్ పనిచేసే ఊర్లల్ల 1988ల లెక్క తీస్తే, పుట్టిన ప్రతి 1000 మంది పిల్లల్ల 121 మంది ఏడాది నిండకముందే సచ్చిపోతున్నరు. అండ్ల పెద్ద కారణం నిమ్ము, అదే నిమోనియా. నిమ్ముకు మందు పెద్ద ఖరీదైంది కాదు. కానీ అది ఉత్త దగ్గా, నిమ్మా అని తేల్చాలంటే డాక్టర్ కావాలె, ఎక్స్‌రే కావాలె. గూడెంల రెండూ లేవు.

అయితే నిమ్ము వచ్చిన బిడ్డ డొక్కలెగరేస్తది, శ్వాస తొందర తొందరగా తీస్తది. నిమిషానికి ఎన్నిసార్లు తీస్తున్నదో లెక్కపెడితే రోగం దొరుకుతది. రెండు నెలల లోపు బిడ్డ 60 సార్లు, రెండు నెలలు దాటి ఏడాది లోపు బిడ్డ 50 సార్లు దాటిందంటే నిమ్ము అని అనుమానించాలె. ఇంతవరకు ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్పిందే. చిక్కేందంటే ఊర్ల ఉన్న మంత్రసానులు చదువుకోలే. 60 దాకా లెక్కపెట్టుడు రాదు.

దానికి అభయ్ బంగ్ ఒక చిన్న సాధనం తయారుచేసిండు. నిమిషంల కిందికి జారే ఇసుక గడియారం, పక్కన పూసల వరుసలు. బిడ్డ పది శ్వాసలు తీస్తే ఒక పూస జరపాలె. ఇసుక అయిపోకముందే ఎర్ర పూస దాకా వచ్చిందంటే నిమ్ము. వెంటనే మందు మొదలుపెట్టాలె. పది దాకా లెక్క వచ్చినోళ్లు ఎవరైనా ఇది చేయొచ్చు. అక్షరం రాని మంత్రసాని చేతిల రోగం పట్టే విద్య పెట్టిన్రు. ఈ పద్ధతి నడిచిన ఊర్ల నిమ్ము చావులు బాగా తగ్గినయని 1990ల లాన్సెట్‌ల అచ్చయ్యింది. చదువు లేనోళ్లకు ఏం చెప్తమని కూసోకుండ, వాళ్లకు ఏమొచ్చో చూసి దానికి తగ్గట్టు సాధనం మలిచిన్రు.

28 రోజుల గండం

నిమ్ము తగ్గినంక కూడా పిల్లలు సచ్చిపోవుడు ఆగలే. ఎప్పుడు పోతున్నరని చూస్తే ఎక్కువమంది పుట్టిన 28 రోజుల లోపే. మన దగ్గర పురుటి నెలంతా బాలింతను, బిడ్డను బయటికి పంపరు. అక్కడా అంతే. బిడ్డ పాలు తాగుడు మానినా, ఒళ్లు సల్లబడ్డా దవాఖానకు తీస్కపోరు. సెర్చ్ టీమ్ 39 ఊర్ల ఏడాది పాటు పుట్టిన ప్రతి బిడ్డను ఇంటికే పోయి చూసింది. నూటికి 54 మంది పసికందులకు వైద్యం అవసరం పడ్డది. అందింది మాత్రం నూటికి ముగ్గురికి కూడా లేదు. నూటికి 42 మంది బిడ్డలు రెండున్నర కిలోల కన్నా తక్కువ బరువుతోనే పుట్టిన్రు.

బిడ్డ దవాఖానకు రాదు, డాక్టర్ గూడేనికి రాడు. అయితే వైద్యమే ఇంటికి పోవాలె. ఊరికొక ఆడమనిషిని, ఎంతో కొంత బడికి పోయినామెను ఎంచుకున్నరు. ఆరోగ్యదూత అని పేరుపెట్టిన్రు. ఆమె చేతికి ఒక సంచి ఇచ్చిన్రు. అండ్ల తూకం కాంటా, థర్మామీటర్, పుట్టంగనే ఏడ్వని బిడ్డకు ఊపిరి అందించే మాస్కు, సలి తగలకుండ బిడ్డను చుట్టే సంచి, మందులు ఉంటయి. కాన్పప్పుడు మంత్రసాని పక్కన ఆమె ఉండాలె. తర్వాత నెల దాకా చెప్పిన రోజుల్లో ఇంటికి పోవాలె. ముర్రుపాలు పారబోయకుండ చూడాలె. బొడ్డు దగ్గర చీము, ఒళ్లు సల్లబడుడు, పాలు తాగకపోవుడు లాంటి గుర్తులు కనబడితే అది నెత్తురుల ఇన్‌ఫెక్షన్ అని పట్టాలె. దవాఖానకు పొమ్మని చెప్పాలె. ఇంటోళ్లు పోలేమంటే జెంటామైసిన్ ఇంజక్షన్ తానే ఇయ్యాలె.

ఊరి ఆడమనిషి పసిగుడ్డుకు సూది ఏస్తదా అని వైద్య లోకంల చర్చ నడిచింది. జవాబు లెక్కలే చెప్పినయి. ఈ 39 ఊర్లను, ఈ పని లేని 47 ఊర్లతో పోల్చిన్రు. మూడేండ్ల తర్వాత ఆరోగ్యదూతలున్న ఊర్ల 1000 మందికి 62గ ఉన్న పసికందుల చావులు 25కు పడ్డయి. ఆరోగ్యదూతలు లేని ఊర్ల దాదాపు 60 దగ్గరనే ఆగినయి. ఒక్కో బిడ్డకు అయిన ఖర్చు అప్పటి లెక్కల ఐదు డాలర్ల చిల్లర. 1999ల ఇది లాన్సెట్‌ల వచ్చింది. 2003 నాటికి ఆ ఊర్ల శిశు మరణాలు 121 నుంచి 30కి దిగినయి. 2009ల ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలిసి పసికందుల కోసం ఇంటికి పోయి చూసే పద్ధతి మంచిదని ప్రకటన చేసినయి. 2011ల మన కేంద్ర ప్రభుత్వం ఆశాల ద్వారా దేశమంతా మొదలుపెట్టింది.

మనదాకా రాని సగం

సర్కారు పద్ధతి ప్రకారం దవాఖానల పుట్టిన బిడ్డను ఆశా 3, 7, 14, 21, 28, 42వ రోజున చూడాలె. ఇంట్లనే పుడితే మొదటి రోజు కూడా పోవాలె. కేంద్రం గైడ్‌లైన్స్ల దీనికి పెట్టిన పైకం మొత్తం 250 రూపాయలు. ఆరుసార్లు ఇంటికి పోతే ఒక్కోసారికి 42 రూపాయలు పడ్తది. అడవిల ఆటో ఖర్చుకు కూడా సాలదు.

కాగితం మీద గడ్చిరోలి పద్ధతే. కానీ అక్కడ ఆరోగ్యదూత నెత్తి మీద పని ఒకటే, పసిబిడ్డల పాణం. ఇక్కడ ఆశా నెత్తి మీద టీకాలు, టీబీ, బీపీ షుగర్ లెక్కలు, దోమల సర్వే, యాప్‌ల ఎంట్రీలు, మీటింగులు. అక్కడ చేతిల మందు, వెనక ఊరూరా తిరిగి తప్పులు దిద్దే సూపర్‌వైజర్, పైన అడిగితే పలికే డాక్టర్ ఉన్నరు. ఇక్కడ సూది ఆశా చేతికి ఇయ్యలే. 2014ల ఏఎన్ఎంలు జెంటామైసిన్ ఇయ్యొచ్చని కేంద్రం చెప్పింది. ఏఎన్ఎం ఉండే సబ్‌సెంటర్ గూడేనికి ఎంత దూరమో ఏజెన్సీల తిరిగినోళ్లకు ఎరుకే. అన్నిటికన్నా పెద్ద తేడా, అక్కడ ముందు జనాన్ని అడిగిన్రు. ఇక్కడ పైనుంచి టార్గెట్ వస్తది, కింద రిజిస్టర్ నిండుతది.

ఇప్పుడు కాన్పులన్నీ దవాఖానలనే అయితున్నయి గదా, ఇంటికి పోయి చూసుడెందుకని కొందరడుగుతరు. నిజమే, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం తెలంగాణల నూటికి 97 కాన్పులు దవాఖానలనే. నూటికి 60కి పైగా కడుపు కోతలే, దేశంల మనమే మొదలు. కానీ అదే సర్వేల 1000 మంది పిల్లలు పుడితే ఏడాది లోపు పోయేటోళ్లు 26 మందికి పైనే. అండ్ల దాదాపు 17 మంది 28 రోజులు కూడా నిండనోళ్లు. దవాఖానల కాన్పయ్యి మూడో రోజో, ఐదో రోజో ఇంటికొస్తరు. మిగిలిన గండమంతా ఇంట్లనే గడవాలె. ఆడికి పోయే మనిషి లేకపోతే బిల్డింగు ఎంత పెద్దదైతే ఏం లాభం?

రోగం మూలం దవాఖాన బయట

సెర్చ్ ఇంకో పని కూడా నెత్తికెత్తుకున్నది. ఊర్లల్ల ఆడోళ్లను కదిలిస్తే చెప్పిన పెద్ద బాధ సారా. మొగోడు తాగితే కూలి పైసలు పోతయి, పిల్లల కడుపు మాడ్తది, దెబ్బలు అదనం. దీన్ని ఏ డాక్టర్ చీటీల రాస్తడు? అందుకే ఊరూరా సభలు పెట్టి, తీర్మానాలు చేసి జనమే ఉద్యమం నడిపిన్రు. 1993ల గడ్చిరోలి జిల్లాల మద్యం బంద్ అయ్యింది. దొంగసారా ఆగలే, అది వేరే పోరాటం. 2016 నుంచి ముక్తిపథ్ పేరుతోని మద్యం, పొగాకు మీద సర్కారుతోని కలిసి జిల్లా అంతా పని నడిచింది.

మనకు ఈ ముచ్చట కొత్తది కాదు. 1992ల నెల్లూరు జిల్లా దూబగుంటల ఆడోళ్లు సారా దుకాణం మీదికి లేచిన్రు. మరుసటేడు సారా, 1995ల మొత్తం మద్యం బంద్ అయినయి. రెండేండ్లకే నిషేధం ఎత్తేసిన్రు. ఇయ్యాల ఊరూరా బెల్ట్ షాపే. మద్యం ఆమ్దానీతోని ఖజానా నింపుకుంట, ఇంకో చేత్తోని లివర్ పాడైనోనికి ఆరోగ్యశ్రీ కార్డిచ్చుడు ఏం ఆరోగ్య విధానం? రోగం రాకుండ చూసుడంటే గోడల మీద నినాదాలు రాసుడు కాదు. రోగం పుట్టే చోట అడ్డం నిలబడుడు.

ఆదివాసీ లెక్క వేరే ఉండాలె

2013ల కేంద్రం ఆదివాసీ ఆరోగ్యం మీద ఒక నిపుణుల కమిటీ వేసింది. దానికి చైర్మన్ అభయ్ బంగ్. 2018ల రిపోర్టిచ్చిన్రు. దేశ జనాభాల ఆదివాసీలు నూటికి 8 మంది చిల్లర. కానీ దేశంల మలేరియా కేసుల్ల నూటికి 30, మలేరియా చావుల్ల దాదాపు సగం వాళ్లయే అని ఆ రిపోర్ట్ చెప్పింది. ఎనిమిది మందికి సగం చావులు! ఇది దోమ తప్పు ఒక్కటే కాదు, పంపకం తప్పు.

సర్కారు లెక్కల మైదానంల 30 వేల మందికి ఒక పీహెచ్‌సీ, ఆదివాసీ ప్రాంతంల 20 వేలకు ఒకటి. సబ్‌సెంటర్ 5 వేలకు, 3 వేలకు. చూడంగ ఆదివాసీలకు ఎక్కువే ఇచ్చినట్టుంటది. కానీ అడవిల 20 వేల మంది ఎన్ని గూడేల్లో, ఎన్ని వాగుల అవతల ఉంటరు? తలలు లెక్కపెట్టి దవాఖాన ఇస్తే దూరం లెక్క తప్పుతది. గంటల నడిస్తే ఎంత దూరం, వాన పడితే దారి ఉంటదా అనేది లెక్క కావాలె.

సంస్థ చేయలేనిది సర్కారు చేయాలె

ఒక మాట తేటగా చెప్పుకోవాలె. సెర్చ్ లాంటి సంస్థ దారి చూపించగలదు, దేశానికంతా వైద్యం చేయలేదు. 39 ఊర్ల రుజువు చేసింది గొప్ప పనే. కానీ లక్షల ఊర్లకు అందియ్యాల్సింది సర్కారే. స్వచ్ఛంద సంస్థలున్నయి గదా అని చేతులు దులుపుకుంటే అది మోసం. అట్లనే ప్రతి సంస్థ సెర్చ్ కాదు. ఫండ్ ఉన్నన్ని రోజులు బోర్డు పెట్టి, ఫండ్ అయిపోంగనే గాయబయ్యేటియి మస్తున్నయి. గడ్చిరోలిల తేడా ఏందంటే, ఆ ఇద్దరూ ఆడనే ఇల్లు కట్టుకున్నరు, ప్రతి చావును లెక్కపెట్టిన్రు, లెక్క తప్పితే పద్ధతి మార్చిన్రు.

మన సర్కారు ఇప్పుడు చేయాల్సిన పని కొత్తగా కనిపెట్టేది కాదు. ఏజెన్సీ గూడేల్లో ఆశాకు సర్వేల బరువు తగ్గించి తల్లీబిడ్డల పని ముందు పెట్టాలె. సంచిల మందులు, తూకం కాంటా ఎప్పుడూ ఉండాలె. ట్రైనింగ్ ఒక్కసారి ఇచ్చి వదిలెయ్యకుండ, నెలనెలా పక్కన నిలబడి నేర్పే మనిషి కావాలె. ఆదివాసీ భాష వచ్చినోళ్లనే పెట్టాలె. ఏడాదికోసారి గూడేల పెద్దలను, ఆడోళ్లను కూసోబెట్టి మీ బాధ ఏందని అడిగి, దాన్నిబట్టే ఏజెన్సీ ఆరోగ్య బడ్జెట్ రాయాలె.

అన్నిటికన్నా ముందు ఆశాకు జీతం. 2022ల ప్రపంచ ఆరోగ్య సంస్థ మన ఆశాలకు గ్లోబల్ హెల్త్ లీడర్స్ అవార్డిచ్చింది. లీడర్లని ప్రపంచం దండమేసింది, మనం మాత్రం ఇంకా వాలంటీర్లనే అంటున్నం. నెలకు 18 వేల ఫిక్స్‌డ్ జీతం కావాలని వాళ్లు ధర్నాలకు కూసుంటే పోలీస్ వ్యాన్లు ఎక్కిస్తున్నం. పసిగుడ్డు మూడో రోజున ఆ ఇంటి గడప తొక్కేది మంత్రి కాదు, కలెక్టర్ కాదు, ఆశానే. ఆమె సంచి ఖాళీగా, ఆమె చెయ్యి ఖాళీగా పెట్టి, వానాకాలం రాంగనే క్యాంపులకు ఉరికితే ఎవల పాణం నిలబడ్తది?